అలసిన నేలకు సేవచేసిన కార్వర్

ఆదికాండము 2వ అధ్యాయము 15వ వచనమును ధ్యానించునప్పుడు మనము ఒక సంగతి గమనింపవలెను. దేవుడు నరుని తోటలో ఉంచినప్పుడు అతనికి అప్పగించిన పని ఒకటి కాదు, రెండు. తోటను సేద్యము చేయుట ఒకటి, దానిని కాపాడుట రెండవది. మొదటి పనిని మనము మరువలేదు. తొలకరి పడగానే పొలములోనికి పోవుచునే యున్నాము. రెండవ పనిని మాత్రము మరచితిమి. నేల మనకొరకు పండవలెనని కోరుదుము గాని, నేలకొరకు మనమేమి చేసితిమని మనలను మనము అడుగుకొనుట అరుదు. ఈ రెండు పనులను ఒక్కటిగా ఎంచి జీవితమంతయు గడిపిన ఒక దైవభక్తుని చరిత్రను ఈ నెల పాఠకుల యెదుట ఉంచుచున్నాము. ఆయన పేరు జార్జి వాషింగ్టన్ కార్వర్.

అమెరికా దేశములోని మిస్సోరి రాష్ట్రమున డైమండ్ అను పల్లె యొద్ద, సుమారు 1864వ సంవత్సరములో ఆయన జన్మించెను. సుమారు అని ఎందుకు వ్రాయుచున్నామనగా, బానిసల బిడ్డలకు పుట్టిన దినము వ్రాసిపెట్టువారు లేరు. ఆయన తల్లి మేరి, మోజెస్ కార్వర్ అను తెల్లజాతి రైతు యింట బానిసగా ఉండెను. జార్జి పసిబిడ్డగా నున్నప్పుడే ఒక రాత్రి దొంగలు వచ్చి తల్లిని బిడ్డను ఎత్తుకొనిపోయిరి. మోజెస్ కార్వర్ మనుష్యుని పంపి వెదకించగా బిడ్డ మాత్రము దొరికెను. తల్లి మరల కనబడలేదు. ఆ బిడ్డకు మారుగా ఒక గుఱ్ఱము నిచ్చిరని చెప్పుదురు. ఆయన ఎదిగి గొప్పవాడైన తరువాత కూడ తల్లి ముఖము ఎట్టిదో ఎరుగడు.

1865లో బానిసత్వము రద్దయ్యెను. మోజెస్ కార్వర్, ఆయన భార్య సూసన్ ఈ అనాథను, అతని అన్న జేమ్సును ఇంటనే పెంచిరి. చిన్నప్పటి కోరింతదగ్గు వలన జార్జి బలహీనుడై, పొలము పనికి పనికిరాక, ఇంటిపనులు, కుట్టుపని నేర్చుకొనెను. తీరిక దొరికినప్పుడు అడవిలోనికి పోయి మొక్కలను చూచుచుండెను. వాడిపోయిన చెట్టును తెచ్చి, దానికి మట్టి చాలలేదో, నీరు ఎక్కువైనదో, పురుగు పట్టినదో కనిపెట్టి బాగుచేయుచుండెను. ఇరుగుపొరుగువారు తమ మొక్కలకు జబ్బు చేసినచో ఈ బాలుని పిలిపించుకొనుచు, ఇతనిని మొక్కల వైద్యుడనిరి. పదియేండ్లైనను నిండని ప్రాయములో, అటకమీద మొక్కజొన్న వలుచుచుండగా పొరుగింటి బాలుడొకడు వచ్చి ఆదివారపు బడిని గూర్చి, ప్రార్థనను గూర్చి చెప్పెను. ఆ పిల్లవాడు వెళ్లిన పిమ్మట జార్జి మొక్కజొన్న పీపా ప్రక్కనే మోకరించి ప్రార్థించెను. తన క్రైస్తవ జీవితము అక్కడనే ఆరంభమైనదని ఆయన తరువాత చెప్పుకొనెను. వేదపండితుడు కాని ఒక పిల్లవాని సాక్ష్యము వలన ఎంత ఫలము కలిగెనో చూడుడి.

ఆ పల్లెలోని బడి తెల్లవారి పిల్లలకు మాత్రమే. అందుచేత జార్జి ఇల్లు విడిచి నడిచి నియోషో పట్టణమునకు చేరెను. అక్కడ మరియా వాట్కిన్స్ అను నల్లజాతి స్త్రీ, మంత్రసానిగా, చాకలిపని చేయుదానిగా జీవించునామె, అతనిని ఇంట చేర్చుకొనెను. నేర్చుకొనగలిగినదంతయు నేర్చుకొని, దానిని మరల తన జనులకు ఇచ్చివేయవలెనని ఆమె అతనికి బోధించెను. ఒక బైబిలును కూడ ఇచ్చెను. పిమ్మట ఆయన కాన్సాస్ రాష్ట్రములో ఊరూర తిరుగుచు, వంటచేసి, బట్టలుతికి, చదువుకొనెను. 1879లో ఒక నల్లజాతి మనుష్యుని గుంపు చంపుట కన్నులార చూచి ఆ ఊరు విడిచిపోయెను. ఒక కళాశాలవారు ఉత్తరము చూచి చేర్చుకొందుమనిరి గాని, మనిషిని చూచి త్రిప్పి పంపిరి. చర్మపు రంగే దానికి కారణము. అటువంటి ద్వారములు మనలో అనేకుల తాతముత్తాతల యెదుట కూడ మూయబడినవి గనుక ఆ బాధ ఎట్టిదో మన సంఘములకు వేరుగా చెప్పనక్కరలేదు.

1890లో అయోవా రాష్ట్రములోని సింప్సన్ కళాశాల ఆయనను చేర్చుకొనెను. అది మెథడిస్టు సంఘపు కళాశాల. ఆయన కోరిక చిత్రలేఖనము నేర్చుకొనవలెననియే. చిత్రకళ నేర్పిన ఎట్టా బడ్ అను ఉపాధ్యాయిని ఆయనకు మొక్కలయందు గల జ్ఞానమును కనిపెట్టి, ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలకు పోవుమని సలహా యిచ్చెను. 1891లో ఆయన అక్కడ చేరెను. ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనయే. చిత్రకళ ఆయనకు ప్రాణము. 1893లో షికాగోలో జరిగిన గొప్ప ప్రదర్శనములో ఆయన వేసిన పటమునకు గౌరవము లభించెను. అయినను తన జనులు సేద్యము మీద బ్రతుకువారు గనుక, వారికి బొమ్మలకంటె మట్టి జ్ఞానము ముఖ్యమని ఎంచి, వ్యవసాయ శాస్త్రమునకు తన్ను అప్పగించుకొనెను. 1894లో ఒక పట్టము, 1896లో ఉన్నత పట్టము పొంది అక్కడనే బోధకుడుగా ఉండెను.

ఆ 1896లోనే దక్షిణమున అలబామా రాష్ట్రములోని టస్కేగీ విద్యాలయమునుండి పిలుపు వచ్చెను. పిలిచినవాడు బుకర్ టి. వాషింగ్టన్. ఆయన కూడ బానిసగా పుట్టి, నల్లజాతివారి విద్యకొరకు ఆ సంస్థను కట్టినవాడు. కార్వర్ అంగీకరించి, ఉత్తరమున దొరకు సుఖమును విడిచి దక్షిణమునకు పోయెను. మరణము వరకు 47 సంవత్సరములు టస్కేగీని విడువలేదు.

ఆయన అక్కడ చూచినదేమి? ఎటు చూచినను పత్తియే. గుడిసె గడప వరకు పత్తి. కూరపాదు లేదు, పండ్లచెట్టు లేదు, పాడి ఆవు లేదు. బానిసత్వము పోయెను గాని భూమి దొరలదే. నల్లజాతివారు సగపాలుకు చేయుచు, విత్తనమునకు, ఎరువునకు, తిండికి కూడ షావుకారు యొద్ద అప్పు తెచ్చుచుండిరి. అప్పిచ్చువాడు పత్తి పంటనే కుదువగా కోరును గనుక పత్తి తప్ప మరియొకటి వేయుటకు స్వేచ్ఛ లేదు. తరతరములుగా ఒకే పంట వేసినందున నేలలోని నత్రజని తరిగిపోయెను. పత్తి వరుసల నడుమ నేల నగ్నముగా నుండుటచే వర్షము కురిసినప్పుడెల్ల పైమట్టి కొట్టుకొనిపోయి, వాలు చేలు వంకలుగా చీలిపోయెను. పంట తగ్గినకొలది అప్పు పెరుగును. అప్పు పెరిగినకొలది మరింత పత్తి వేయుదురు. నేలయు మనిషియు కలిసి క్షీణించుచుండిరి. పంది కొవ్వు, మొక్కజొన్న పిండి, బెల్లపు పాకము తప్ప వేరు తిండి లేక జనులు చర్మవ్యాధితో, నీరసముతో బాధపడిరి.

విద్యాలయములో ప్రయోగశాల లేదు. కార్వర్ తన విద్యార్థులను వెంటబెట్టుకొని పెంటకుప్పల యొద్దకు పోయి పగిలిన సీసాలు, పాత గిన్నెలు, తీగలు ఏరితెచ్చి, వాటితోనే పరికరములు చేసికొనెను. అయిదు రొట్టెలు పంచిన దినమున మిగిలిన ముక్కలు నష్టపడకుండ పోగుచేయుమని ప్రభువు ఆజ్ఞాపించిన సంగతి (యోహాను 6:12) మనము చదివియున్నాము. ఆ మాటను కార్వర్ వలె అక్షరాల పాటించినవారు కొద్దిమందియే. దేవుని సృష్టిలో పారవేయదగిన వస్తువు లేదని, మనకు వాడుట తెలియనందున దానికి చెత్త అని పేరు పెట్టుచున్నామని ఆయన నమ్మెను.

ప్రయోగపు పొలముగా ఇచ్చిన నేల చవిటిది, పనికిరానిది. ఆయన దానియందు మూడు పనులు చేసెను. మొదటిది, నేలకు తిండి పెట్టుట. కొనుగోలు ఎరువు బీదవానికి భారము గనుక, అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలల అడుగున నున్న నల్లని బురద, పశువుల పెంట, వంటింటి వ్యర్థము కుప్పవేసి కుళ్లబెట్టి పొలమునకు తోలించెను. మన పెద్దలు వేసవిలో చెరువు పూడికమట్టి బండ్లతో తోలిన పని ఇటువంటిదే. రెండవది, లోతుగా దున్నుట, వాలుకు అడ్డముగా దున్ని గట్లు వేసి వాననీటిని నిలుపుట. మూడవది, పంట మార్చుట. పత్తి వేసిన చేలో అలసందలు, వేరుసెనగ, చిలగడదుంప వేయించెను. అలసంద, వేరుసెనగ వంటి కాయజాతి పైరుల వేళ్లమీద చిన్న బుడిపెలుండును. వాటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు వసించి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. పైరు వేళ్లు, ఆకులు నేలలో కలిసినప్పుడు ఆ బలము తరువాతి పంటకు చేరును. కొన్ని సంవత్సరములలోనే ఆ చవిటి చేను బాగుపడి ఫలించెను. 1905లో అరిగిన నేలలను బాగుచేయు విధమును గూర్చి ఆయన ఒక చిన్న పుస్తకము ప్రకటించెను.

లేవీయకాండము 25వ అధ్యాయములో ఏడవ సంవత్సరమున భూమికి విశ్రాంతి నియ్యవలెనని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. రెండెకరములవాడు చేను బీడు పెట్టి ఎట్లు బ్రతుకునని మనము అడుగుదుము. కార్వర్ చేసిన పనిలో దీనికి ఒక జవాబు కలదని మేము తలంచుచున్నాము. పత్తికి బదులు ఒక కారు అలసందలు వేసినచో ఇంటిల్లిపాదికి తిండి దొరకును, పశువులకు మేత దొరకును, నేలకును విశ్రాంతి దొరకును. పంట మార్పిడి బీదవాని నేలకు సబ్బాతు వంటిది.

పొలము యొద్ద నేర్చినదానిని ఆయన గదిలో దాచుకొనలేదు. 1898 మొదలుకొని తన మరణము వరకు 44 చిన్న పుస్తకములు ప్రకటించెను. కొద్దిపాటి చదువు గల రైతుకును, రైతు భార్యకును అర్థమగునట్లు సులభమైన మాటలలో, సేద్యము, వంట, నిలువచేయుట అను మూడును వాటిలో వ్రాసెను. టస్కేగీలో రైతుల కూటములు నడిపించెను. కూటమునకు రాలేనివారి యొద్దకు తామే పోవలెనని 1906లో ఒక బండిని సిద్ధపరచిరి. న్యూయార్కు ధనికుడైన మోరిస్ జెసప్ అందుకు ద్రవ్యమిచ్చినందున దానికి జెసప్ బండి అని పేరు. నాగళ్లు, విత్తనములు, వెన్న తీయు సాధనములు దానిలో నింపి, కంచరగాడిదలను కట్టి, పల్లె పల్లెకు నడిపించిరి. సువార్తికుడు ఊరూర తిరిగినట్లు నేల జ్ఞానము ఊరూర తిరిగెను.

అంతలో మెక్సికోనుండి వచ్చిన ఒక ముక్కు పురుగు పత్తి కాయలను తొలుచుచు 1892లో టెక్సాస్ రాష్ట్రములో ప్రవేశించి, 1910 నాటికి అలబామా చేరెను. పత్తి ఒక్కదానినే నమ్ముకొన్నవారి చేలు నాశనమాయెను. అప్పుడు జనులు వేరుసెనగ వైపు తిరిగిరి. అలబామాలోని ఎంటర్‌ప్రైజ్ అను పట్టణమువారు, ఈ పురుగే తమకు బుద్ధి చెప్పి పంట మార్పించెనని 1919లో దానికి ఒక స్మారకమును కూడ నిలిపిరి. 1916లో కార్వర్ వేరుసెనగ పండించుటను గూర్చియు, దానిని వండుకొను 105 విధములను గూర్చియు పుస్తకము వెలువరించెను. 1921 జనవరిలో అమెరికా శాసనసభ యొక్క సంఘము ఆయనను వేరుసెనగ సుంకము విషయమై మాటలాడుటకు పిలిచెను. పది నిమిషములు మాత్రమే ఇచ్చిరి. మొదట కొందరు ఆయన జాతిని బట్టి హేళనగా మాటలాడిరి. ఆయన కోపింపక, ఒక్కొక్క వస్తువును తీసి చూపుచు, విత్తనము గల ప్రతి చెట్టును దేవుడు ఆహారముగా నిచ్చెనను ఆదికాండము మొదటి అధ్యాయపు సంగతిని జ్ఞాపకము చేసెను. వారే గడువు పొడిగించి చివరివరకు విని, చప్పట్లు కొట్టిరి.

గొప్పవారి చరిత్రలో అతిశయోక్తులు చేరుట సహజము. వేరుసెనగ వెన్నను కనిపెట్టినది కార్వరే యని పలువురు చెప్పుదురు గాని అది నిజము కాదు. ఆయన చెప్పిన వందలాది ఉపయోగములలో వర్తకమునకు వచ్చినవి బహు స్వల్పము. కొన్ని ఇతరులు ముందే ఎరిగినవి. ఆయన లోపము లేనివాడును కాడు. కోళ్లదొడ్డి నిర్వహణ, లెక్కలు చక్కగా చూడలేక బుకర్ వాషింగ్టన్‌తో పలుమార్లు మాట పట్టింపులు పడెను. ఆయన ఘనత వేరుసెనగ వస్తువుల సంఖ్యలో లేదు. ఎవరును లెక్కచేయని బీదవాని చేతిలో ఏమున్నదో, వాని కాలిక్రింద ఏమున్నదో, దానితోనే బాగుపడు త్రోవ చూపుటలో ఉన్నది. నీ చేతిలో నున్నదేమియని దేవుడు మోషేను అడిగినప్పుడు (నిర్గమకాండము 4:2) అక్కడ నున్నది ఒక కఱ్ఱ మాత్రమే గదా.

ప్రతి దినము తెల్లవారకమునుపే ఆయన అడవిలోనికి పోయి ఒంటరిగా నడుచుచు, దేవునితో మాటలాడుచు, మొక్కలను ఏరుకొనుచు తిరిగివచ్చును. 1907 నుండి ఆదివారపు సాయంకాలములలో విద్యార్థులకు బైబిలు తరగతి నడిపించెను. వివాహము చేసికొనలేదు. పాత కోటు, దానికి గుచ్చిన ఒక పువ్వు, ఇంతియే ఆయన అలంకారము. సలహా అడిగిన రైతులయొద్ద రూకలు తీసికొనలేదు. కూడబెట్టిన సుమారు 60,000 డాలర్లను నేల పరిశోధన సాగుటకై తన పేరిటి సంస్థకు విడిచి, 1943 జనవరి 5వ తేదీన ప్రభువునందు నిద్రించెను. బుకర్ వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఆయనను సమాధిచేసిరి. అదే సంవత్సరము ఆయన జన్మస్థలమును అమెరికా ప్రభుత్వము జాతీయ స్మారకముగా ప్రకటించెను. గుఱ్ఱమునకు మారుగా దొరికిన బిడ్డకు కలిగిన ఘనత అది.

ప్రియులారా, ఈ చరిత్రను మనము దూరదేశపు కథగా చదివి విడువరాదు. అలబామాను అరగదీసిన పత్తియే మన నల్లరేగళ్లలోను, ఎఱ్ఱనేలలలోను గడప వరకు వచ్చియున్నది. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పత్తికి పురుగు తగిలి, అప్పులపాలై, ఎందరు రైతులు ప్రాణములు తీసికొనిరో మనము మరువలేదు. వేరుసెనగ వేసినంతమాత్రమున మేలు కలుగునని కూడ తలంపకుడి. అనంతపురము జిల్లాలో అనేక సంవత్సరములు వేరుసెనగ ఒక్కటే వేయగా, చెట్టును వేరుతో పీకుటచే నేల వదులై, బలము తరిగి, వాన తప్పిన ఏడు రైతు చేతికి ఏమియు రాలేదు. అక్కడ రక్షించిన పంటయే ఇక్కడ ఒంటరిగా వేసినప్పుడు భారమాయెను. కావున కార్వర్ నేర్పిన పాఠము వేరుసెనగ కాదు. ఏ పంటనైనను నేలకు యజమానిగా చేయరాదన్నదే ఆ పాఠము.

మా సంఘములో కోతపండుగ నాడు పూర్వము బలిపీఠము యెదుట కంకులు, కందులు, ఉలవలు, అలసందలు, గుమ్మడికాయలు రాశిగా నుండెడివి. ఇప్పుడు పళ్లెములో నోట్లు మాత్రమే కనబడుచున్నవి. కానుక తగ్గెనని మేము విచారపడుట లేదు. దేవుని యెదుట పెట్టుటకు తినదగిన గింజ ఒకటియు మన చేలలో లేదే యని విచారపడుచున్నాము. పత్తి అమ్మి కందిపప్పు కొనుచున్నాము.

మరియొక మాట కఠినమైనను చెప్పవలసియున్నది. కార్వర్ కౌలుదారునికి జ్ఞానము నేర్పెను గాని, దొర మనస్సును మార్చలేకపోయెను. ఏటేట మారిపోవు కౌలుదారుడు పరాయి నేలకు పెంట ఎందుకు తోలును? మన సంఘములలో భూమి గలవారును కలరు, కౌలుకు చేయువారును కలరు. ఇద్దరును ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొనుచున్నారు. భూమి యెహోవాదని 24వ కీర్తన చెప్పుచుండగా, భూమి గలవాడు కూడ కౌలుదారుడే గదా. అట్టివాడు తన సహోదరునికి మూడేండ్లకో అయిదేండ్లకో మాట యిచ్చినచో, ఆ సహోదరుడు నేలను బాగుచేయుటకు ధైర్యము తెచ్చుకొనును. పత్తి సాళ్ల నడుమ కంది సాళ్లు వేయుట, పత్తికట్టెను కాల్చక నేలలో కలుపుట, వాలుకు అడ్డముగా దున్నుట, పూడికమట్టి తోలుట, ఇవి కొత్త ఖర్చు ఎక్కువ లేని పనులు. వీటిని ఈ కారులోనే ఆరంభింపవచ్చును.

రాబోవు కోతపండుగకు ప్రతి కుటుంబము తన చేలో పండిన తిండిగింజ దోసెడైనను తెచ్చునట్లు ఇప్పుడే ఒక సాలు విత్తవలెనని కోరుచున్నాము. ఆ దోసెడు గింజలు చాలును.

ప్రార్థన: సృష్టికర్తవగు తండ్రీ, నీ భూమిమీద మేము బాటసారులము. తీసికొనుట మాత్రమే నేర్చిన మా చేతులకు తిరిగి ఇచ్చుట నేర్పుము. అలసిన నేలయందును, అలసిన కౌలుదారునియందును మాకు కనికరము పుట్టించుము. మా పిల్లలకు మేము అప్పును కాక బలమైన మట్టిని విడిచిపోవునట్లు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.